తప్పు చూపించని టూలు కావాలట

తప్పులు పట్టే టూలు కొనడానికి బయలుదేరి, ఏ టూలు తక్కువ తప్పులు చూపిస్తుందా అని వెతికిన మహానుభావుల మధ్య కూర్చున్నాను నేను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నేను ఎనిమిదో తరగతి దాటలేదు. విజయవాడలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో చీరలు మడతలు పెట్టే పనిలో చేరాను. ఆ కొట్టుకి కంప్యూటరు వచ్చినప్పుడు డిగ్రీ చదివిన గుమాస్తాలు దాన్ని ముట్టుకోవడానికి జంకారు. నేను పాత పుస్తకాల దుకాణంలో ఒక పుస్తకం కొని, పక్కన నిఘంటువు పెట్టుకుని, మాటమాటా వెతుక్కుంటూ నేర్చుకున్నాను. ఒక్కడూ నేర్పిన పాపాన పోలేదు. ఆ కొట్టు యజమాని కొడుకే ఇప్పుడు అదే వీధి చివర సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుతున్నాడు, నేనూ అక్కడే పనిచేస్తున్నాను. చేనేత సంఘాల కోసం మేం తయారుచేసే ప్రోగ్రాముని మొదట రాసింది నేనే. తరువాత ఆఫీసులో చేరిన కుర్ర పిల్లలు దాన్ని పెంచారు. ఈ డెల్టాలో మగ్గం మీద బతికే కుటుంబాల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఎవడైనా దొంగ దూరితే నష్టపోయేది మేము కాదు, వాళ్లు.

ఒక పెద్ద సంస్థ మా ప్రోగ్రాము తీసుకుంటామంది. ఒకటే షరతు: కోడ్‌లో భద్రతా లోపాలు వెతికే టూలుతో పరీక్ష చేయించి, ఆ రిపోర్టు మీద బాధ్యురాలు సంతకం పెట్టాలి. బాధ్యురాలంటే మా టీమ్ లీడ్. చల్లపల్లి అమ్మాయి. తల్లి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. నన్ను ‘మాస్టారూ’ అని పిలుస్తుంది. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదని ఎంత కసిరినా మానదు.

టూలు అమ్మేవాడొకడు టై కట్టుకుని వచ్చి ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేశాడు. రంగు రంగుల చక్రాలు, పైకి లేచే గీతలు. యజమాని కళ్లు మెరిశాయి.

“ఇదంతా మీ సొంత కోడ్ మీద కదండీ చూపిస్తున్నారు, మా దాని మీద వెయ్యండి,” అన్నాను.

“డెమోలో అలా ఉండదు సార్.”

“మరి ఎలా ఉంటుందండీ? పెళ్లిచూపులకి అక్కని చూపించి చెల్లెల్నిచ్చినట్టా?”

పిల్లలు నవ్వారు. యజమాని నవ్వలేదు. “బాబాయ్ గారూ, కాస్త ఆగండి,” అన్నాడు.

ఆగలేదు. బట్టల కొట్లో కొత్తగా సరుకు చూసేవాణ్ణి పెట్టుకునేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ అడ్డం నేసే పేక పోగు జారిందో ముందే మనకు తెలిసిన బట్ట తాను ఒకటి వాడి ముందు పరిచేవాళ్లం. పట్టుకుంటే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. ఇక్కడా అదే చేద్దామన్నాను. మా ప్రోగ్రాములో ఒక ముక్కకి నకలు తీసి, అందులో కావాలనే పది లోపాలు పెట్టాం నేనూ ఆ అమ్మాయీ. మూడు టూళ్లు తెచ్చి దాని మీద నడిపాం.

మొదటిది రెండే పట్టింది. రెండోది ఎనిమిది పట్టింది, కానీ తప్పు కానివాటినీ గుట్టలుగా చూపించి, దారిన పోయే ప్రతివాణ్ణీ చూసి మొరిగే కుక్కలా మొరిగింది. పిల్లలు విసుక్కున్నారు. మూడోది టై వాడిది. మూడు పట్టి, చివర్లో పచ్చరంగు ముద్ర వేసి, ‘అంతా క్షేమం’ అన్నట్టు రిపోర్టు ఇచ్చింది.

“ఇదే బాగుంది,” అన్నాడు యజమాని.

“ఏం బాగుందయ్యా? ఏడు వదిలేసింది!”

“చూడటానికి నీట్‌గా ఉంది కదా బాబాయ్ గారూ. ఎర్ర గుర్తులున్న కాగితం కొనే పార్టీ ముందు పెడతామా?”

ఇంకో సంగతి కూడా ఉంది. టూలు చూపించిన తప్పుని ‘ఇది తప్పు కాదు’ అని పక్కన పెట్టే బటన్ మూడింటిలోనూ ఉంది. అవసరమే, ఎందుకంటే టూళ్లూ పొరబడతాయి. కానీ రెండోదానిలో ఆ బటన్ నొక్కితే ఎవరు నొక్కారో, ఎందుకు నొక్కారో రాయాలి, అది రిపోర్టులో కనిపిస్తుంది. మూడోదానిలో నొక్కితే జాడే ఉండదు. టై వాడు దాన్నే గొప్పగా చెప్పుకున్నాడు!

నాకు ముప్పై ఏళ్ల కిందటి బట్ట తాను ఒకటి గుర్తొచ్చింది. ఒక నేతగాడు తన బట్టలో లోపమున్న చోట అంచుకి ఎర్రదారం కట్టి తెచ్చాడు. నిజాయితీగా నేసేవాళ్లు అలాగే చేస్తారు. ఈ యజమాని తండ్రి ఆ దారం పీకెయ్యమన్నాడు. నేను పీకేసి, లోపం లోపలి మడతలోకి వచ్చేలా మడిచాను. కొన్నవాళ్లు తిరిగొచ్చి గొడవపడితే నింద నేతగాడి మీదకు పోయింది. వాడికి మళ్లీ పని ఇవ్వలేదు. నేను నోరు మూసుకుని ఇంకో చీర మడత పెట్టాను. ఆ తండ్రి ఫోటోకి ఇప్పుడు ఆఫీసులో రోజూ దండ వేస్తారు.

రెండోదే కొనాలని పట్టుబట్టాను. అప్పుడు యజమాని నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“బాబాయ్ గారూ, మీ రెండో టూలు మన అసలు కోడ్ మీద కూడా నడిపించాను. మొట్టమొదట ఏం చూపించిందో తెలుసా? వివరాలన్నీ తెరిచే పాస్‌వర్డ్ కోడ్‌లోనే దాచకుండా రాసి ఉంది. అన్ని సంఘాలకీ అదే పాస్‌వర్డ్. ఆ ఫైలు మీద పేరు మీదే.”

రాసింది నేనే. అప్పట్లో పని నడిస్తే చాలనుకున్నాను, తరువాత మార్చుదామనుకుని మరిచిపోయాను. తెరిచి ఉంచిన తలుపు నాదే.

“మూడోది తీసుకుందాం. మీ పరువూ దక్కుతుంది, నా పనీ అవుతుంది,” అన్నాడు, నా భుజం మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి విదిలించుకుని బయటికి వచ్చాను.

ఆ అమ్మాయి తన బల్ల దగ్గరే ఉంది.

“నీకు తెలుసా?” అన్నాను.

“నెల కిందటే చూశాను మాస్టారూ.”

“చెప్పడానికి నోరు రాలేదా అమ్మాయ్?”

“ఎలా చెప్పనండీ? పోయినసారి మీ కోడ్‌లో కామా దిద్దితేనే మూడ్రోజులు మాట్లాడలేదు మీరు.”

టై వాడి మీదా, యజమాని మీదా పళ్లు నూరుతున్న నాకు ఆ మాట నిజమేనని ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకోవాల్సి వచ్చిందని ఇంకా కోపం వచ్చింది.

“పద,” అన్నాను. ఇద్దరం యజమాని గదిలోకి వెళ్లాం.

“రెండోది కొను. నా తప్పు రిపోర్టులో పైనే ఉండనీ, నా పేరుతో సహా,” అన్నాను.

“పార్టీ పారిపోతే మీరు తెస్తారా ఇంకో పార్టీని?”

అమ్మాయి అందుకుంది. “మూడోది అయితే నేను సంతకం పెట్టనండీ. మందు వెయ్యకుండా వేసినట్టు మా అమ్మ ఏనాడూ చార్టులో రాయలేదు. నేనూ రాయను. కావాలంటే మీరు పెట్టుకోండి.”

యజమాని అరిచాడు. నేను అంతకన్నా గట్టిగా అరిచాను. పిల్లలంతా కీబోర్డులు ఆపేసి విన్నారు. బాధ్యురాలి సంతకం లేకుండా కాగితం చెల్లదు కాబట్టి, మా మీద గౌరవంతో కాదు, ఆ ఒక్క కారణానికి రెండోది కొన్నాడు. ఎర్ర గుర్తులతోనే రిపోర్టు వెళ్లింది, ఏది ఎప్పటికి దిద్దుతామో పక్కన రాసి. ఆ సంస్థ ఇంకా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

పాస్‌వర్డ్ మార్చాలంటే ప్రతి సంఘానికీ ఫోన్ చేసి, వాళ్ల కంప్యూటర్లో వాళ్ల చేతే మార్పించాలి. అమ్మాయి చేస్తానంది. ఆ ఫోన్ ఇయ్యి ఇటు, అన్నాను.

హనుమాన్ జంక్షన్ దగ్గరి సంఘంలో గుమాస్తా ఫోన్ ఎత్తాడు. సంగతి చెప్పాను.

“అంటే ఇన్నేళ్లూ మా తాళంచెవి గుమ్మానికే వేలాడదీశారా అండీ?” అన్నాడు.

“వేలాడదీసింది నేనేనండీ.”

అతని వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తోంది.

“మరి మావాళ్ల వివరాలు ఎవరన్నా చూసేశారా?”

చూసినవాళ్ల జాడ రాసిపెట్టే ఏర్పాటు అప్పట్లో నేను చెయ్యలేదు. ఎవరూ చూడలేదని ఒక్క మాట అనేస్తే అతను ఫోన్ పెట్టేసి హాయిగా టీ తాగుతాడు.

“తెలియదండీ,” అన్నాను.

“తెలియదంటే ఎలాగండీ? మీరే కదా రాసింది!”

“నేనే రాశానండీ. తెలియదు.”

అతను తిట్టినంతసేపూ విన్నాను. తరువాత కొత్త పాస్‌వర్డ్ ఎలా పెట్టాలో ఒక్కొక్క మెట్టే చెప్పి, పెట్టేదాకా ఫోన్ మీదే ఉన్నాను. పని అయ్యాక అమ్మాయి తర్వాతి సంఘం నంబరు నా ముందుకు జరిపింది.