తెర ముట్టుకోని చేయి

మా పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుందని చుట్టాలందరూ అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ముక్కు మీద ఉన్నది తుమ్మితే పోతుంది. పిన్నికి కోపం వచ్చిందంటే మాత్రం పని జరిగేదాకా దిగదు.

ఆమె ఆస్పత్రి వంటగదిలో రోగులకు భోజనం ట్రేలు సర్దుతుంది. చేతులు కడుక్కున్నాక ఆమె ముట్టుకునేవి ట్రే, గిన్నె, గరిటె, అంతే. తలుపును మోచేత్తో తోస్తుంది. ముక్కు దురద పెడితే భుజానికేసి రుద్దుకుంటుంది. ఫోను మోగితే మోగి మోగి చావాల్సిందే. ఒకసారి పెద్ద డాక్టరు మాట్లాడుతూ మాట్లాడుతూ కడగని చేత్తో రొట్టె ముక్క తీసుకోబోతే, ఆయన మణికట్టు మీద గరిటెతో ఒక్కటిచ్చింది. అందుకే వార్డులో ఆమెను ‘గరిటె పోలీసు’ అంటారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టమే.

ఆ వంటగది గోడకు వేలితో తాకితే పనిచేసే కంప్యూటరు తెర ఒకటి పెట్టారు. తయారుచేసింది మా కంపెనీయే. అందులో మంచం నెంబరు, పక్కన ఆకుపచ్చ రంగు ఉంటే భోజనం పెట్టవచ్చు, ఎరుపు ఉంటే పెట్టరాదు. పైన వార్డులో నర్సు రంగు మారిస్తే కింద వంటగదిలో దానంతటదే మారాలి.

ఒక ఉదయం ఆపరేషనుకు వెళ్ళాల్సిన పెద్దాయనకు పిన్ని పంపిన ట్రే చేరింది. ఆయన ఆకలి మీద ఉన్నాడేమో, ఊడ్చిపెట్టినట్టు తినేశాడు. కడుపు నిండినవాడికి మత్తు ఇవ్వరు కదా, ఆపరేషను ఆగిపోయింది. సూపరింటెండెంటు ఊగిపోతూ వంటగదిలోకి వచ్చి, తెర మీద ఆ మంచం నెంబరు నొక్కింది. ఎర్రగా ఉంది.

“ఇంత ఎర్రగా కనిపిస్తుంటే ఎలా పెట్టావమ్మా?”

“ఇప్పటిదాకా ఆకుపచ్చగానే ఉంది మేడమ్. మీరు వేలు పెట్టాకే మారింది.”

“అంటే తెర నీ మీద పగబట్టిందా? తప్పు చేసిందే కాక అబద్ధాలు కూడానా?”

గిన్నెలు కడిగేవాళ్ళు నవ్వారు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారు.

పిన్ని తిన్నగా మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు. కడిగి బోర్లించిన నా గిన్నెలన్నీ తీసి మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. “పని పోతే పోయింది. అబద్ధాలకోరు అన్నారే నన్ను, అందరి ముందూ!” అంటూ మూకుడును అరగదీసింది.

“నువ్వు ఆ తెర ముట్టుకున్నావా పిన్నీ?”

“గిన్నెలు పట్టే చేత్తోనా? మతుండే మాట్లాడుతున్నావా?”

నాకు ఒళ్ళు మండిపోయింది, పిన్ని మీద కాదు. ఆ మాటతో జరిగిందేమిటో తెలిసిపోయింది.

మా ఆఫీసులో ఒకడున్నాడు. ఏ పనిచ్చినా “చిటికెలో అయిపోతుంది” అంటాడు కాబట్టి చిటికెలయ్య అని పిలుస్తాం. తెర వెనకాల ప్రోగ్రాము రాసింది వాడే. ఆ పద్ధతిలో తెర మంచాల రంగుల జాబితాను కనిపెట్టుకుని ఉంటుంది. పాత జాబితా తీసేసి కొత్తది పెడితేనే దానికి మార్పు జరిగినట్టు తెలుస్తుంది, రంగు మళ్ళీ వేస్తుంది. చిటికెలయ్య కొత్తది పెట్టకుండా పాతదానిలోనే చెయ్యి పెట్టి రంగు మార్చేసేలా రాశాడు. గిన్నె అదే ఉంచి లోపల కూర మార్చేస్తే, మూత చూసేవాడికి ఏం తెలుస్తుంది? ఎవరైనా తెరను తాకితే మాత్రం ఆ తాకిడికి మొత్తం మళ్ళీ గీసుకుంటుంది, అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. వంటగదిలో ట్రేలు సర్దే మిగతావాళ్ళందరూ తాకేవాళ్ళే. తాకనిది మా పిన్ని ఒక్కతే. శుభ్రంగా ఉన్నందుకు ఆమెకు దక్కిన బహుమానం ఇది!

ముందు వంటగదికి ఫోను చేసి, ప్రతి ట్రేకూ ముందు ఎవరో ఒకరు తెరను తాకి చూడమని చెప్పాను. తర్వాత మేనేజరు దగ్గరకు వెళ్ళాను.

“ఒక్క లైనే కదా, సరిచేసెయ్. ఆస్పత్రివాళ్ళకు చెప్పకు” అన్నాడు.

“సరిచేస్తే రుజువు కూడా పోతుంది సార్. అక్కడ ఒకామె ఉద్యోగం పోతోంది.”

“ఎవరో వంటావిడ కోసం కంపెనీ పరువు బజారున పడేస్తావా?”

“ఎవరో కాదు సార్, మా పిన్ని. ఎవరో అయినా ఇదే మాట అంటాను.”

“ఆస్పత్రికి వెళ్ళి చెప్పావంటే మళ్ళీ ఇక్కడికి రానక్కర్లేదు.”

వెళ్ళాను. పిన్నిని కూడా వెంటబెట్టుకునే వెళ్ళాను.

వంటగదిలో సూపరింటెండెంటును తెర ముందు నిలబెట్టి, ఖాళీ మంచానికి ఎరుపు పెట్టమని నర్సును పైకి పంపాను. “మార్చేశాను” అని నర్సు ఫోనులో చెప్పింది. తెర మీద ఆకుపచ్చే ఉంది. అందరం గుడ్లప్పగించి చూస్తున్నాం. అది ఆకుపచ్చగానే ఉంది. సూపరింటెండెంటు చెయ్యి ఊరుకోలేక ముందుకు వెళ్ళింది.

“చెయ్యి తీయండి!” అని పిన్ని అరిచింది. ఆవిడ ఉలిక్కిపడి తీసేసింది. ఇంకాసేపు నిలబడ్డాం. రంగు మారలేదు.

“ఇప్పుడు తాకండి మేడమ్” అన్నాను. తాకింది. ఎర్రబడింది, తెరా, ఆవిడ ముఖమూ.

“అంటే మీ కంపెనీ తప్పన్నమాట” అంది నాతో.

“అవును మేడమ్. మాదే.”

“సరేలే, జరిగిందేదో జరిగింది” అని పిన్ని వైపు తిరిగింది. “రేపట్నుంచి రా.”

పిన్ని కదల్లేదు. “ఇన్నేళ్ళలో నా నోట ఒక్క అబద్ధం విన్నారా మేడమ్? నిన్నగాక మొన్న గోడకెక్కిన అద్దం ముక్క మాట నమ్మారు. ఇప్పుడు దీని ముందు నిలబడ్డంత సేపు, నా మాట మీద నమ్మకంతో ఆ రోజు నిలబడలేకపోయారా? అందరి ముందు అన్నారు. అందరి ముందే వెనక్కి తీసుకోండి.”

సూపరింటెండెంటు గొంతు సవరించుకుని, “నువ్వు అబద్ధం చెప్పలేదు” అంది.

“గిన్నెలు కడిగేవాళ్ళకు వినబళ్ళేదు.”

ఆవిడ గట్టిగా చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను అక్కడే ఒక బల్ల మీద కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాములో ఆ లైను సరిచేశాను. నా ఫోను మోగుతూనే ఉంది, మేనేజరే. మోగి మోగి చావనిచ్చాను. నర్సు పైన రంగు మార్చింది. కింద ఎవరూ తాకకుండానే తెర ఎర్రబడింది.

“చూశావా పిన్నీ, ఇక దానంతటదే మారుతుంది.”

పిన్ని అప్పటికే చేతులు కడుక్కుంటోంది. “మారనీ. ఆ పెద్దాయన ఆపరేషను మళ్ళీ ఎప్పుడో పైకి వెళ్ళి నేనే అడిగొస్తా” అంటూ తలుపును మోచేత్తో తోసుకుని వెళ్ళిపోయింది.