జొన్నచేలో పాత సీడీ

మా కంప్యూటర్ సారు పోయారని గుంటూరు బ్రాడీపేట నుంచి ఫోన్ వచ్చింది. షాపులో స్టూలు మీద కూర్చునుండగానే గుండె ఆగిపోయిందట. నేను చేతిలోని ఫోన్‌ను గోడకేసి కొట్టాను. ఆయనే ఉంటే ముందు నా నెత్తి మీద స్క్రూడ్రైవర్ పిడితో ఒకటిచ్చి, తర్వాత ఆ ముక్కలన్నీ ఏరి బాగుచేసేవారు.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళెవరూ ఆ పిడి దెబ్బ మర్చిపోరు. వినుకొండలో నాకు ఫొటో స్టూడియో ఉంది, ఇల్లూ పొలమూ పక్క పల్లెలో. పెళ్ళి వీడియోలు కంప్యూటర్లో ఎడిట్ చేయడం నేర్చుకుందామని గుంటూరు వెళ్ళేనాటికి నాకు ముప్పై ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. అయినా కొట్టారు. ఎవరైనా దొంగ సీడీ తెస్తే దాన్ని చెప్పుకాలితో తొక్కి విరగ్గొట్టేవారు. "దొంగ సొత్తు మీద చేసిన పని నిలవదురా" అనేవారు.

నాచేత విండోస్ 95 అసలు సీడీ కొనిపించారు. 98 వచ్చాక, పూర్తిది కొనలేక, పాతది ఉన్నవాళ్ళకి తక్కువకిచ్చే అప్‌గ్రేడ్ సీడీ తీసుకున్నాను. రెండింటి మీదా మార్కర్‌తో 'వినుకొండ' అని రాసిచ్చారు.

"ఒరేయ్, ఈ రెండూ కలిపి దాచు. రేపు కొత్త హార్డ్ డిస్కు కొని 98 ఎక్కించబోతే, పాతది ఏదీ అని కంప్యూటర్ అడుగుద్ది. చూపించకపోతే ముందుకు కదలదు."

సరేనన్నాను. ఇంటికొచ్చి ఆ పాత సీడీకి దారం కట్టి, మా మిరపచేను చుట్టూ వేసిన జొన్నలో పిట్టలు బెదరడానికి వేలాడదీశాను. మా ఊళ్ళో పనైపోయిన సీడీలన్నీ చేరేది అక్కడికే.

ఆ ఏడాదే మా ఊళ్ళో ఒకతన్ని గొడ్డళ్ళతో నరికేశారు. నరికింది నలుగురు. కేసులో రాయించింది పద్నాలుగు పేర్లు. మావైపు హత్య జరిగితే అంతే, అవతలి పక్షంలో మీసాలున్న ప్రతివాడూ ముద్దాయే. మా అక్క భర్త పేరూ ఇరికించారు. నిజానికి ఆ గంటలో మా బావ వినుకొండలో ఒక పెళ్ళిలో సాంబారు బకెట్ పట్టుకుని బంతిలో వడ్డిస్తున్నాడు. వీడియో తీసింది నేనే. బొమ్మ మూలన టైముతో సహా పడింది.

క్యాసెట్ మీద అప్పటికే ఇంకో పెళ్ళి తీసేశాను. బావను కాపాడే బొమ్మ ఇక నా కంప్యూటర్లో మాత్రమే ఉంది. నోరు మూసుకుని ఉండొచ్చుగా! టీకొట్టు దగ్గర గొప్పకుపోయి వాగాను. మర్నాడు పట్టపగలు చచ్చినవాడి పక్షంవాళ్ళు ఆరుగురు గడ్డపలుగులతో స్టూడియోకి వచ్చారు. మానిటర్ పగలగొట్టారు. కంప్యూటర్ పెట్టెను రోడ్డు మీదికి ఈడ్చి బాదారు. అడ్డం వెళితే నా పక్కటెముకలు రెండు విరిచారు.

ఛాతీకి కట్టుతోనే ఆ పెట్టెను గుంటూరు చేర్చాను. సారు అందులోంచి హార్డ్ డిస్కు తీసి, కరెంటిచ్చి, చెవి పెట్టి విన్నారు.

"కొన ఊపిరుంది. దీని మీద ఇంకేం ఎక్కించకూడదు. కొత్త డిస్కులో విండోస్ వేసి, దీన్ని పక్కన తగిలించి వీడియో లాగుదాం. పాత సీడీ ఏదిరా?"

చెప్పాను. ఈసారి దెబ్బ పిడితో కాదు, అరచేత్తో చెంప మీద పడింది.

"మీ దగ్గరున్న పాతది చూపించండి సార్" అన్నాను.

"ఒకడి సీడీ చూపించి ఇంకొకడిది ఎక్కిస్తే దొంగతనం కాదా? కోర్టుకెళ్ళే పనిరా ఇది! నడువు మీ ఊరికి."

ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. కట్టుతో ఉన్నానని ఆయనా నా వెంట వచ్చారు. చేలో సీడీ తెంపి ఆయన చేతికిస్తుంటే ఆ ఆరుగురిలో ఇద్దరు కర్రలతో గట్టు మీదికొచ్చారు.

"ఏందిరా తెంపుతున్నావ్?"

"నీకెందుకురా?" అని వాళ్ళకంటే గట్టిగా అరిచింది సారే.

కర్ర నా తల మీదికొచ్చింది. ఆయన కుడిచెయ్యి అడ్డం పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ళు కేకలేస్తూ మట్టిపెళ్ళలు రువ్వబట్టి బతికిపోయాం. సారు ఎడమచేతిలోని సీడీ మాత్రం కింద పడలేదు.

చేతికి కట్టు వేయించుకుని, మర్నాడే షాపులో కూర్చున్నారు. ఆయన చెబుతుంటే నేను మీటలు నొక్కాను. పాతది చూపించమని తెర మీద పడింది. దుమ్ము తుడిచి సీడీ లోపలికి తోశారు. అది గరగరమంటూ తిరుగుతోంది.

"నా మొహం చూస్తావేంటి? పోయి టీ పట్రా."

నేను తిరిగొచ్చేసరికి విండోస్ ఎక్కుతోంది.

"చదివిందా సార్?"

"ఎక్కుతోందిగా, కనపడట్లా?"

సాయంత్రానికి బావ తెర మీదికొచ్చాడు, సాంబారు బకెట్‌తో. దాంతోనే కేసులోంచి బయటపడ్డాడు. ఎండకు ఎండి, మంచుకు తడిసి, పిట్టల రెట్టలు పడ్డా పనిచేసిన ఆ సీడీ గురించి ఎనిమిదేళ్ళుగా కనిపించినవాడికల్లా చెప్పాను. నేను చెబుతున్నప్పుడు సారు టీ సాసర్లో పోసుకుని అటు తిరిగి తాగేవారు. వంకరగా అతుక్కున్న ఆ మణికట్టుతో సాసర్ నిలిచేది కాదు, చొక్కా మీద ఒలికేది.

ఆయనకు మట్టి వేసి వచ్చాక, సారు భార్య ఒక కవరు తెచ్చారు. "వినుకొండ ఆయన మీరే కదండీ? దీని మీద 'వినుకొండ' అని రాసుంది."

లోపల, ఆనాడు ఆయన దగ్గరే ఉండిపోయిన నా 95, 98 సీడీలు రెండూ, రబ్బరుబ్యాండ్ వేసి. మధ్యలో ఆయన రాత ఉన్న చీటీ: "పాతది చదవలేదు. నాది చూపించా. వీడికి చెప్పకూడదు."

మెట్ల మీద కూలబడి, చచ్చిపోయిన మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఏడ్చాను. చెబితే ఆ చెయ్యి ఊరికే విరిగిందని నేను బతికినంతకాలం కుమిలేవాణ్ణి. అది తెలిసే, ఎవరికోసమూ తప్పని మాట నాకోసం తప్పి, ఎనిమిదేళ్ళు నా గొప్పలు విన్నారు.

సీడీ మధ్య కన్నానికి నేను కట్టిన దారం అలాగే ఉంది. ముడిలో ఎండిన జొన్నపొట్టు ఇరుక్కుని ఉంది.