తార్నాకలో ఎడారి

ఆ రోజుల్లో ఉపగ్రహమంటే పేపర్లో చదివి నోరెళ్ళబెట్టే వింతే గాని, దాన్ని మా పనికి వాడుకోవచ్చని కలలో కూడా అనుకోలేదు. నేలా చెట్టూచేమా కలిసి ఎంత నీటిని ఆవిరిగా వదులుతాయో పటం గీయాలంటే, అక్కడక్కడ ఆరుబయట రేకు తొట్లలో నీళ్ళు నింపి, రోజూ ఎంత తగ్గాయో కొలవడమే మార్గం. అరవైల చివర తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో పరిశోధనకు చేరిన నాకు క్యాంపస్ తొట్టి అప్పగించారు. (కోస్తా నుంచి వచ్చిన బడిపంతులు గారి అమ్మాయిని. తార్నాకలో పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. అబద్ధమాడితే నాలుక కాలుతుందని నిజంగా నమ్మేదాన్ని.)

ఎండలు ముదిరాక పటం గీస్తే మౌలాలి, మల్కాజ్‌గిరి తొట్లు ఒక్క తీరుగా ఉన్నాయి; మా క్యాంపస్ చోట మాత్రం, నీళ్ళు మరీ ఎక్కువ ఆవిరైపోయినట్టు, ఎర్రటి మచ్చ. మా ప్రొఫెసర్ గారు అందరి ముందూ దాని మీద వేలు పెట్టి, "ఏందమ్మా గిది? తార్నాకల రేగిస్తాన్ పుట్టిందా? కొలిచినవా, గదిల కూసొని రాసినవా?" అన్నారు. రేగిస్తాన్ అంటే ఎడారట. ఇలాగే ఉంటే ఆ పని ఇంకొకరికి ఇస్తానని కూడా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ గేదో తాగుతోందని అనుమానించి, మర్నాడు మధ్యాహ్నం గొడుగేసుకుని పరికరాల గది వెనక కాపు కాశాను.

గేదె రాలేదు. తార్నాకలో ఇంటికెళ్ళి భోంచేసి, నడిచి తిరిగొస్తున్న ప్రొఫెసర్ గారే వచ్చారు. అటూ ఇటూ చూసి, భుజం మీది పెద్ద తువ్వాలు తొట్లో ముంచి, నెత్తిన పిండుకుని, మళ్ళీ ముంచి తలకు చుట్టుకున్నారు.

"సార్, అవి కొలతకు పెట్టిన నీళ్ళండి," అన్నాను.

ఆయన తడబడలేదు. "ఎండ సంపుతున్నదమ్మా. జరంత తీస్కుంటె ఏమైతది?"

"పటంలో ఎడారి అవుతుందండి."

ఆయన తలమీది తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయారు. మర్నాటికల్లా తొట్టి మీద వల బిగించి ఉంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. తర్వాత జరిగిన సెమినార్‌లో ఆ ఎర్రమచ్చకు కారణం పక్షుల బెడద అనీ, దాన్ని తాను కనిపెట్టి వల వేయించాననీ గంభీరంగా చెప్పారు. విన్నవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. నేను పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చి చెబితే, పిన్ని చేస్తున్న పని ఆపకుండానే, "ఆయన్ని ఆయనే పక్షి అనుకుంటే నీకెందుకే అంత మంట?" అంది.

ఇప్పుడు ఉపగ్రహం పంపే సమాచారంతో దక్కను అంతటికీ పటం గీస్తారు నా దగ్గర చదువుకునే పిల్లలు. వాళ్ళకీ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు ఇప్పటికీ హెచ్చుతుంది, వాళ్ళు నవ్వుతారు, మొదట కోపమొస్తుంది, తర్వాత నాకూ నవ్వొస్తుంది. మిట్టమధ్యాహ్నం గొడుగు పట్టుకుని, న్యాయం కోసం నిలబడి మాడిపోతున్న ఆ పిల్ల కళ్ళ ముందు కదులుతుంది. వెళ్ళి చెయ్యి పట్టుకుని, "కాస్త నీడకు రావే," అనాలనిపిస్తుంది.