నేను అందించిన రబ్బరు

నా చిన్నప్పుడు ఒక మనిషి పట్ల నేను చేసిన పనిని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. అమ్మకు చెప్పలేదు, పెళ్లయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. కిందటి నెల మా ఆఫీసులో ఉద్యోగుల ఆరోగ్యం గురించి ఒక పూట శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చినావిడ మాకందరికీ తలా ఒక కాగితం పంచింది. దాని మీద మనిషి ఆకారం గీసి ఉంది. పని భారం మీ ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో అక్కడ ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టమంది. అందరూ నవ్వుకుంటూ మెడ మీదో నడుం మీదో గుర్తులు పెట్టారు. నేను మాత్రం పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. యాభై దాటినదాన్ని, పదిమందిలో కళ్లనీళ్లు పెట్టుకుంటే ఏం బాగుంటుందని లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను. ఇక ఇది రాసి పెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

అప్పట్లో మేము బహ్రెయిన్‌లో, మనామా పట్నంలో నయీమ్ వైపు ఒక పాత మేడలో ఉండేవాళ్లం. మాది కరీంనగర్ దగ్గర పల్లె. నాన్న అక్కడ ఏసీలు బాగుచేసే పనిలో ఉండేవాడు. ఊళ్లోవాళ్లు మాత్రం ఆయన దుబాయి పోయాడనే చెప్పుకునేవారు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ మంచివాడు కావడంతో నాన్న అమ్మనూ నన్నూ తెచ్చుకోగలిగాడు. మాకు ఒక గది, ఒక వంటిల్లు. పక్క గదిలో ముగ్గురు ఆడవాళ్లు కలిసి ఉండేవారు. వాళ్లలో పెద్దావిడ గోదావరి వైపు నుంచి వచ్చింది. నేను ఆమెను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. నేను చదివే ఇంగ్లీషు మీడియం బడిలోనే ఆమె ఆయాగా పనిచేసేది.

పెద్దమ్మ గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలుండేవి. ముంజేతుల నిండా కూడా పచ్చబొట్లే. ఒక చేతి మీద తులసి మొక్క, ఇంకో చేతి మీద తేలు. ఇంట్లో ఉన్నప్పుడు నాకు అవంటే ఎంతో ఇష్టం. తేలు తోక మీద వేలు పెట్టి "కుడతదా పెద్దమ్మా?" అని అడిగేదాన్ని. ఆమె అబ్బా అని చెయ్యి లాక్కునేది. ఎన్నిసార్లు ఆడినా మాకు విసుగొచ్చేది కాదు.

పొద్దున ఇద్దరం కలిసే బస్సు దగ్గరికి వెళ్లేవాళ్లం. వీధి చివరిదాకా ఆమె చెయ్యి పట్టుకునే నడిచేదాన్ని. బస్సు మలుపు తిరగడం కనిపించగానే చెయ్యి విడిపించుకునేదాన్ని. బస్సెక్కాక ఆమె ఎవరో, నేనెవరో. ఇలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. దానికదే అలవాటైపోయింది. పెద్దమ్మ కూడా ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి ఒక బ్యాంకు ఆఫీసరు కూతురు. తెల్లటి మేజోళ్లు, సువాసన వచ్చే పెన్సిళ్లు, రోజూ కారులో రాక. ఆ అమ్మాయి నాతో స్నేహం చెయ్యడమే నాకు గొప్పగా ఉండేది. మా నాన్న ఇంజినీరని ఆమెకు చెప్పాను. ఇంట్లో హిందీయే మాట్లాడతామని కూడా చెప్పాను.

నాలుగో తరగతిలో మాకొక కొత్త సైన్స్ టీచరు వచ్చింది. ఆవిడ శరీరం గురించి శరీరంతోనే నేర్పేది. గుండె పాఠమైతే మమ్మల్ని ఎగిరించి, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టమనేది. ఎముకల పాఠమైతే మా వీపు మీద మేమే తడుముకుని రెక్క ఎముక ఎక్కడుందో వెతుక్కోవాలి. తరగతంతా గోలగోలగా ఉండేది, కానీ ఆ పాఠాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

చర్మం పాఠం చెప్పిన రోజు ఆవిడ ఒక పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చింది. అందులో న్యూజిలాండ్ దీవుల్లోని ఒక మావోరీ స్త్రీ ఫొటో ఉంది. ఆమె పెదవులూ గడ్డమూ నీలి గీతలతో నిండి ఉన్నాయి. వెనకటి రోజుల్లో ఎముకతో చేసిన చిన్న ఉలిని తట్టి తట్టి ఆ గీతలు వేసేవారట. ఆమె తల్లి ఎవరో, ఆ తల్లిని కన్న తల్లి ఎవరో ఆ గీతలు చెబుతాయట. చర్మం మనల్ని కప్పి ఉంచడమే కాదు, కొందరికి అది తమవాళ్ల చరిత్ర రాసుకునే చోటు కూడా అని టీచరు చెప్పింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. నా పక్కనున్న అమ్మాయి చెయ్యెత్తి, "మన ఆయాకు కూడా గడ్డం మీద ఇలాగే ఉంది మేడం" అంది.

టీచరు ముఖం వెలిగిపోయింది. వరండాలో నేల తుడుస్తున్న పెద్దమ్మను లోపలికి పిలిచింది. పెద్దమ్మ తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నల్లబల్ల పక్కన నిలబడింది. ఆ చుక్కలు ఎవరు పొడిచారు, ఎందుకు పొడిచారని టీచరు హిందీలో అడిగింది. పెద్దమ్మకు హిందీ అంతంతమాత్రం. నాలుగు మాటలు అని ఆగిపోయింది. అప్పుడు టీచరు మా వైపు తిరిగి, తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఆమె మాటలు మాకు చెప్పండి అంది.

ఆ తరగతిలో తెలుగుపిల్ల నేనొక్కదాన్నే. నేను కదల్లేదు. టీచరు హాజరుపట్టీ చూసి నా పేరు పిలిచి, "నీకు వచ్చు కదా?" అంది. నేను లేచి నిలబడ్డాను. మేము ఇంట్లో హిందీ మాట్లాడతాం మేడం, నాకు తెలుగు రాదు అని ఇంగ్లీషులో చెప్పాను. ఆ మాటలు ఎంత తడుముకోకుండా వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను.

పెద్దమ్మ నన్ను చూసింది. రెప్పపాటు కాలమే. తర్వాత టీచరు వైపు తిరిగి తన వచ్చీరాని హిందీలో, "ఈ పాపకు తెలుగు నహీ మాలూం మేడం" అని నా అబద్ధానికి తానే సాక్ష్యం చెప్పింది. ఆ పైన చేతులు ఊపుతూ, సూదులు పట్టి పొడిచినట్టు చూపిస్తూ, తప్పుల హిందీలో ఏదో చెప్పబోయింది. పిల్లలు ఆమె మాటలకు నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంతలో ఎవరో పిలిస్తే టీచరు తలుపు దాకా వెళ్లింది. నా స్నేహితురాలు లేచి పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, ఇది చెరిగిపోతుందా అని అడిగింది. పెద్దమ్మ పోదన్నట్టు తలూపి నవ్వింది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి నా వైపు చెయ్యి చాచింది. "నీ రబ్బరు ఇవ్వు" అంది.

ఎందుకో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. ఆ అమ్మాయి పెద్దమ్మ గడ్డం పట్టుకుని రబ్బరుతో రుద్దడం మొదలుపెట్టింది. తరగతంతా విరగబడి నవ్వుతోంది. పెద్దమ్మ ఆ అమ్మాయిని తొయ్యలేదు, కసరలేదు. కాస్త వంగి, చిన్నపిల్ల చేతికి అందేలా ముఖం కిందికి దించింది. చర్మం ఎర్రగా కందిపోయింది. టీచరు తిరిగొచ్చి గట్టిగా కేకలు వేసింది, పెద్దమ్మకు క్షమించమని చెప్పింది. పెద్దమ్మ ఫర్వాలేదన్నట్టు చెయ్యూపి, తన బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. రబ్బరు మళ్లీ నా చేతికొచ్చింది.

పాఠం చివర టీచరు మాకొక ఇంటిపని ఇచ్చింది. ఒంటితో కష్టపడి పనిచేసే మనిషినొకరిని కాగితం మీద పడుకోబెట్టి, చుట్టూ గీత గీసి, పనివల్ల వాళ్లకు ఎక్కడెక్కడ నొప్పి ఉందో ఎర్ర రంగుతో గుర్తు పెట్టి తీసుకురమ్మంది.

ఆ సాయంత్రం బస్సులో నేను ముందు సీట్లో కిటికీకి అతుక్కుని కూర్చున్నాను. ఇంటికి రాగానే అమ్మ ఎప్పట్లాగే ఒక గిన్నె నా చేతిలో పెట్టి, "గీ కూర పెద్దమ్మకిచ్చి రాపో" అంది. కడుపునొప్పి అన్నాను. అమ్మ వినలేదు.

పెద్దమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. గడ్డం మీద ఎర్రదనం ఇంకా పోలేదు. నన్ను చూడగానే "రామ్మా" అంది, రోజూ అన్నట్టే. నేను గిన్నె పెట్టేసి వెళ్లిపోబోతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఏదో బొమ్మ గీసుకు రమ్మన్నారంట కదా? బస్సులో పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. మీ నాన్న డ్యూటీ నుంచి ఎప్పుడొస్తాడో ఏమో. నన్ను గీసుకో తల్లీ."

నేను బదులు చెప్పకముందే ఆమె పాత సామాన్ల మధ్య నుంచి ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె లాగి, విప్పి నేల మీద పరిచింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా పడుకుంది. నేను పెన్సిలు పట్టుకుని ఆమె చుట్టూ పాకుతూ గీత గీశాను. అంత దగ్గరగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. మడమలు బీటలు వారి ఉన్నాయి. చీలమండలు వాచి, చెప్పుల పట్టీలు నొక్కుకున్న గుర్తులు అలాగే ఉన్నాయి. వేళ్ల చివర్లు తెల్లబడి పొట్టు లేస్తున్నాయి. మనిషి ఒళ్లు ఇలా అరిగిపోతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"యాడ నొస్తది పెద్దమ్మా?" అని అడిగాను.

"మోకాళ్లు పెట్టమ్మా ముందు. మెట్లు కడగాలి గదా. భుజం కూడా పెట్టు, ఈ కుడి పక్క, బకెట్లు మోసేది. వేళ్లు నేల కడిగే మందునీళ్లకి మండుతుంటాయి. నడుం సంగతి చెప్పక్కర్లేదు."

నేను ఒక్కొక్కచోటే ఎర్రరంగు దిద్దాను. ముఖం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. తలెత్తకుండానే, "గడ్డం దగ్గర పెట్టాల్నా?" అని అడిగాను.

"వద్దులే అమ్మా. అది పనివల్ల వచ్చిన నొప్పి కాదుగా" అంది.

తర్వాత, తరగతిలో చెప్పలేకపోయినదంతా అలా పడుకునే చెప్పింది. తనకు ఎనిమిదేళ్లప్పుడు ఊళ్లోకి పచ్చబొట్లు పొడిచే ఆమె వచ్చిందట. సూదులు చూసి పారిపోతే, అమ్మ పట్టుకొచ్చి తల ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో దవడలు గట్టిగా పట్టుకుందట. తాను ఏడుస్తుంటే అమ్మ కూడా ఏడ్చిందట. ఆ ఏడే అమ్మ పోయింది. ఫొటో అంటూ ఒక్కటీ లేదు. "అద్దంలో చుక్కలు చూసుకుంటే మా అమ్మ చేతులు గుర్తొస్తాయి. అంతే, పెద్ద కథేం లేదు" అని లేచి కూర్చుని, కూర గిన్నె మూత తీసి వాసన చూసింది.

నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. అట్టను చుట్టుకుని వచ్చేశాను.

మర్నాడు టీచరు నా బొమ్మను చూసి ఎంతో మెచ్చుకుంది. మిగతా పిల్లలు ఏవో రెండు మూడు గుర్తులు పెట్టి తెచ్చారు. నేను తెచ్చిన దాంట్లో మనిషి ఉందని అంది. దాన్ని గోడకు తగిలిస్తూ, ఈమె ఎవరు అని అడిగింది. తలుపు దగ్గర పెద్దమ్మ చెత్తబుట్ట ఖాళీ చేస్తోంది. నా పక్కనున్న అమ్మాయి నన్నే చూస్తోంది. "మా ఇంట్లో పనిమనిషి మేడం" అన్నాను. ఇంగ్లీషులో అన్నాను కాబట్టి పెద్దమ్మకు అర్థమై ఉండదని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఎన్నో ఏళ్లుగా బడిలో పనిచేసే మనిషికి ఆ ఒక్క మాట తెలియకుండా ఎలా ఉంటుంది?

టీచరు ఆ బొమ్మను అక్కడితో వదిలెయ్యలేదు. దాన్ని పెద్ద మేడం గదికి తీసుకెళ్లి చూపించి, మన బడి ఆయాల సంగతేమిటని అడిగిందట. వారం తిరక్కుండా వరండాలో ఆయాలు కూర్చోవడానికి కుర్చీలు వచ్చాయి. నేల తుడవడానికి పొడవు కర్రలు, చేతులకు తొడుగులు వచ్చాయి. మధ్యాహ్నం అరగంట వాళ్లను ఎవరూ పిలవకూడదన్నారు.

ఆ శుక్రవారం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. "మీ పిల్ల వల్లే. దాని బొమ్మ చూసే ఇచ్చారు. నా కాళ్లకి మీ పిల్ల పుణ్యమాని సుఖమొచ్చింది" అని అమ్మకు చెప్పి, నా రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. రబ్బరు అందించిన చెయ్యి అందులో ఉంది. అమ్మ మురిసిపోయి, నాన్న రాగానే పొంగిపోతూ చెప్పింది. పెద్దమ్మ నన్ను తిట్టినా కొట్టినా బాగుండేది.

మరుసటి ఏడు పెద్దమ్మ మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. ఇక ఖలాస్, ఊరికి పోతానంది. ఆమె వెళ్లే రోజు మధ్యాహ్నం నేను ఒక సంచి పట్టుకుని మెట్లు దిగాను. ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది. కింద నాన్న కారు మాట్లాడి నిలబెట్టాడు. మెట్ల మలుపులో ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసింది.

"పెద్దమ్మా, ఆ రోజు క్లాసుల నాకు తెలుగు రాదని..." అన్నాను. అంతలోనే ఏడుపు వచ్చింది.

ఆమె నా తల నిమిరింది. "ఇంకా అదే పట్టుకుని ఉన్నావా తల్లీ? భయపడ్డావు. అంతమందిలో, అంత చిన్నపిల్లవి, భయం వేసి నోరు పెగల్లేదు. నాకు తెలీదా?"

"అవును పెద్దమ్మా, భయమైంది" అన్నాను.

ఆమె నవ్వి మిగతా మెట్లు దిగింది. కారు వెళ్లిపోయింది. అంతే, మళ్లీ నేను ఆమెను చూడలేదు. పెద్దయ్యాక వెతుకుదామనుకుంటే, ఆమె ఊరు గోదావరి వైపని తప్ప ఇంకేమీ తెలియదు. ఆమెకో పేరుంటుందని, అదేమిటని అడగాలని నాకు ఆ రోజుల్లో తట్టనే లేదు. అమ్మ ఆమెను అక్కా అనే పిలిచేది. అమ్మకూ పేరు గుర్తులేదు.

ఆ రోజు తరగతిలో నాకు భయం వెయ్యలేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. గుండె దడదడలాడలేదు, నోరు తడారలేదు. పెద్దమ్మ నా మనిషని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను, అంతే. మెట్ల మీద ఆమె మన్నించింది భయపడిన ఒక పిల్లను. ఆ పిల్ల నేనేనని చెప్పి ఆ మన్నింపును తీసేసుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాది కానిది.