ఐదు గుండెల ఆట

మధ్యాహ్నం భోజనం చేసి కంచం కడిగి బోర్లించాక, సాయంత్రం కాఫీ దాకా నాకు మూడు గంటలు మిగులుతాయి. ఆ మూడు గంటల్లో మాట్లాడడానికి మనిషి ఉండడు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేకపోవడం ఒక కారణం, మా ఇంటి పద్ధతి రెండోది.

అమలాపురంలో ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకు ఉంటున్నాను. కింద ఇంటావిడ ఉంటారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన టీచరు గారు, ఒంటరి మనిషి. ఆదివారం చర్చికి, మిగతా రోజుల్లో వరండాలోకి, అంతే ఆవిడ ప్రయాణం. వాళ్ళ నాన్న ఒకప్పుడు ముక్తేశ్వరం దగ్గర మా తోటల్లో కొబ్బరి దింపు తీసేవాడు. చిన్నపిల్లవాణ్ణయి ఉండీ నేను ఆయన్ని 'నువ్వు' అనేవాణ్ణి. ఇప్పుడు ఆయన కూతురి ఇంట్లో ఉంటూ ఆవిణ్ణి 'అండి' అంటున్నాను. తోటలు మావి కాకుండా పోయి చాలా కాలమైంది. ఇవన్నీ మా ఇద్దరికీ తెలుసు. ఎన్నడూ పైకి అనుకోలేదు.

మా నాయనమ్మ నాకు నేర్పిన మర్యాదల్లో మొదటిది పంక్తి మర్యాద. పెళ్ళికి వెళ్ళి బంతిలో కూర్చుంటే, పులిహోర ఎంత బాగున్నా మళ్ళీ వడ్డించమని అడగకూడదు. వడ్డించేవాడు తనంతట తాను వస్తే, అప్పుడు కూడా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలి. అన్నీ పోయాక నాకు మిగిలింది ఆ అడ్డం పెట్టిన చెయ్యి ఒక్కటే. అది నాకు బాగా వచ్చు.

ఫోను కొన్నప్పుడే అందులో ఆ ఆట ఉంది. మొదట్లో తీసేద్దామనుకున్నాను. గళ్ళ నిండా రంగు రంగుల పళ్ళ బొమ్మలు, చిన్నపిల్లల వ్యవహారం. ఒక పండును పక్క గడిలోకి జరిపినప్పుడు ఒకే రకం పళ్ళు మూడు వరుసలోకి వస్తే అవి మాయమైపోతాయి. పైనున్నవి కిందికి జారతాయి. చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏమీ లేదు. కాని ఆ జారడం చూసిన రోజున నేను కాఫీ పెట్టుకోవడం మరిచిపోయాను.

ఎందుకంటే అది నాకు తెలిసిన జారుడు. దింపు అయ్యాక తోటలో కాయలు రాశి పోసేవారు. నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో. రాశి కన్నా పొట్టిగా ఉన్నాను. అడుగున ఒక కాయ లాగితే ఏమవుతుందో చూడాలని నాకు కోరిక. టీచరు గారి నాన్న అటూ ఇటూ చూసి, "లాగండి బాబుగారూ, ఏమవదు" అన్నాడు. లాగాను. ఒక్క కాయే. దాని మీదవి మూడు కదిలాయి, వాటి మీదవి పది కదిలాయి, ఆ తరవాత నాతో పని లేకుండా రాశి మొత్తం దొర్లుకుంటూ కాలవ గట్టు దాకా వెళ్ళింది. నాకు ఒళ్ళంతా నవ్వొచ్చింది. తాతగారు వచ్చి ఆయన్ని తిట్టారు. లాగింది నేనని నేను చెప్పలేదు. ఆయనా చెప్పలేదు.

ఆటలో సుఖమంతా అక్కడుంది. మనం కదిపేది ఒకటి. జరిగేది పది. పైన ఆడితే ఆ మూడే పోతాయి. అడుగు వరుసలో ఆడితే గళ్ళన్నీ కదిలి, మనం అనుకోని చోట ఇంకో మూడు కలిసి, అవి పోయి, మరో మూడు కలుస్తాయి. ఆ కాసేపు ఊరికే చూస్తూ కూర్చోవడమే. నా జీవితంలో నేను చెయ్యి పెట్టిన ఏ పనీ అంత ధారాళంగా సాగలేదు. పైగా ఇరవై ఎత్తులే ఇస్తుంది కాబట్టి ఆలోచించి ఆడాలి. రెండు ఎత్తుల తేడాతో ఓడిపోతే మొదటి నుంచీ ఓడిపోయినట్టు ఉండదు, గెలిచే ఆట చేతిలోంచి జారినట్టుంటుంది. మళ్ళీ ఆడకుండా ఉండలేం. మీరు ఎవరి తాలూకు అని మాత్రం ఆ ఆట ఎన్నడూ అడగదు.

ఓడినప్పుడల్లా ఒక గుండె బొమ్మ పోతుంది. ఉన్నవి ఐదు. ఐదూ అయిపోతే తెర మధ్యలో ఏవో ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఆకుపచ్చ బొత్తం వచ్చేవి. కళ్ళజోడు కోసం లేవడం ఎందుకని నేను ఆ బొత్తం నొక్కేసేవాణ్ణి. కాసేపట్లో ఒక గుండె వచ్చి చేరేది. మనిషి చేత అడిగించుకోకుండా ఇస్తోంది, మర్యాద తెలిసిన ఆట అనుకునేవాణ్ణి.

ఒక రోజు పని మీద రావులపాలెం వెళ్ళి ఆడడం కుదరలేదు. మర్నాడు పొద్దున్న నీళ్ళ బిందెతో వరండా దాటుతుంటే, టీచరు గారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తారు.

"నిన్న అడగలేదేంటండీ?"

"ఏమిటండీ అడగడం?"

"లైఫండీ, ఆటలో గుండె. రోజూ రెండున్నర కొట్టేసరికి అడుగుతారు కదా. నేను పంపుతాను కదా."

నేను బిందె దింపాను. "నేనెప్పుడూ ఎవర్నీ ఏదీ అడగలేదండి."

"ఆయ్, అడిగేరండీ. ఇదిగో." ఆవిడ తడి చెయ్యి చీరకు తుడుచుకుని ఫోను చూపించారు. నా పేరు. దాని కింద నా పేరు. దాని కిందా నా పేరే. ప్రతి దాని పక్కనా ఒక గుండె, ఆవిడ పంపినట్టు గుర్తు. వేలితో ఎంత తోసినా ఆ వరుస అయిపోలేదు. నా ఫోనులో ఉన్న నంబర్లలో ఆ ఆట ఆడేది ఆవిడొక్కరే కాబోలు, అడిగినవన్నీ ఆవిడకే వెళ్ళాయి.

"అది పొరపాటున నొక్కింది," అన్నాను.

"ఇన్ని రోజులాండీ?" అని నవ్వేశారు. "పోనిద్దురూ. ఆ రెండు వందల పధ్నాలుగో లెవెలు గట్టిదేనండి. నాకూ వారం పట్టింది."

నేను బిందె ఎత్తుకుని మెట్లెక్కాను. నీళ్ళు సగం మెట్ల మీదే పోయాయి.

ఆ రోజు నుంచి కళ్ళజోడు పెట్టుకుని ఆడాను. ఐదూ పోగానే ఆకుపచ్చ బొత్తం జోలికి పోకుండా, మూలనున్న చిన్న ఇంటూ గుర్తు నొక్కేవాణ్ణి. అడగకపోతే ఆట అరగంటకొక గుండె తనే ఇస్తుంది. ఆ అరగంట గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. గళ్ళు అవే, పళ్ళు అవే, జారడమూ అదే. కాని ఇదివరకు గుండె చటుక్కున వచ్చి వాలేదని, ఇన్నాళ్ళూ అది వచ్చింది మనిషి దగ్గర్నుంచని, ఇప్పుడు తెలిసింది. తెలిశాక ఆ గదిలో ఫ్యాను చప్పుడు మరీ ఎక్కువైంది.

ఐదో రోజు మధ్యాహ్నం మెట్ల మీద అడుగులు వినిపించాయి. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఎన్నడూ పైకి రాలేదు. గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ నిలబడ్డారు.

"బావున్నారాండీ?"

"బాగానే ఉన్నానండి. ఏమైంది?"

"ఏం లేదండీ. రెండున్నరకి మీది వచ్చేదా, పైన మనిషి భోంచేసేరు, బావున్నారు అనుకునేదాన్ని. నాలుగు రోజులైంది, రావట్లేదు. నీళ్ళకి కూడా నేను లేవకముందే వచ్చి పట్టుకెళ్ళిపోతున్నారు."

నేను కుర్చీ చూపించాను. ఆవిడ కూర్చోలేదు.

"బళ్ళో ఉన్నప్పుడు పిల్లలు పొద్దస్తమానం టీచర్ అది కావాలి, టీచర్ ఇది కావాలి అని ప్రాణం తోడేసేవారండీ. విసుక్కునేదాన్ని. ఇప్పుడు నన్ను అడిగేది మీ ఫోనొక్కటే," అని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగిపోయారు.

ఆ కాయల రాశి దగ్గర వాళ్ళ నాన్న ఏమీ అనకుండా నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. ఆ రోజు నోరు తెరవాల్సింది నేను.

ఫోను తీశాను. నాలుగు గుండెలు ముందే పోయాయి. ఐదోది కూడా ఆడి పోగొట్టాను. కావాలని కాదు, రెండు వందల పధ్నాలుగు అలాంటిది. తెర మధ్యలోకి అక్షరాలు వచ్చాయి. మీ స్నేహితులను అడగండి అని ఉంది. రెండు సార్లు చదివి, ఆకుపచ్చ బొత్తం నొక్కాను.

కింద ఆవిడ ఫోను టింగుమంది. నా దగ్గరికి గుండె వచ్చింది. అదీ పోయింది. ఇంకా పావు తక్కువ మూడు కూడా కాలేదు. లేచి, పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, వరండా వైపు వంగి పిలిచాను.

"టీచరు గారూ, ఇంకొకటి పంపుతారాండీ?"

"ఆయ్! పంపుతున్నానండీ," అని కిందనుంచి కేక వచ్చింది. "ఈసారైనా అడుగు నుంచి ఆడండి!"