సీతాఫలం గింజలు

నిరుడు దసరా సెలవుల్లో మేం కొత్తగా బీదర్ వచ్చాం. ఇంటి ఓనరు నీలమ్మ పెద్దమ్మ కమఠాణలోని తమ చేను నుంచి సీతాఫలాలు తెచ్చిచ్చింది. పాలు, దాల్చినచెక్క పొడి కలిపి మిక్సీలో స్మూతీ చేసి, మా ఐదేళ్ల పాపకీ ఆమెకీ చెరో గ్లాసు ఇచ్చాను.

"ఇంత జల్దీ గింజలెట్ల తీసినవ్ బిడ్డా?" అందామె.

"తియ్యలే పెద్దమ్మా, మిక్సీలనే మెత్తగ నలిగినయ్" అన్నాను గొప్పగా.

ఆమె పాప చేతిలోంచి గ్లాసు లాక్కుంది. "ఆ గింజల పొడితోని మేం తలల పేండ్లు సంపుతం! విషమది!"

పాప మూతికి స్మూతీ నురగ. ఎంత తాగిందో తెలియదు. ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టరు ఫర్వాలేదన్నా, సాయంత్రం దాకా దాని మొహమే చూస్తూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

ఈ ఏడు పెద్దమ్మ పండ్లు తేలేదు. గింజలు తీసిన గుజ్జు డబ్బాలో తెచ్చింది.

"నీ మీద నమ్మకం లేక కాదు బిడ్డా, నాకే పానం నిమ్మళముంటలేదు" అంది.