పక్కవాడి మిషన్ చూడమన్న ఉస్తాద్

శుక్రవారం పొద్దున యాదగిరి ఫోన్ చేశాడు. "ఉస్తాద్ పోయిండన్నా" అన్నాడు. ఎప్పుడని కూడా అడగలేదు నేను. చెప్పులేసుకుని ఆయన ఉండే మొఘల్‌పురా బయల్దేరాను.

పురానాపూల్ దగ్గర స్టీలు డబ్బాల మూతలు కొట్టే రేకుల షెడ్డులో ఆయన మాకు మేస్త్రి. నాకు పవర్ ప్రెస్సు నేర్పింది ఆయనే. మిషన్ మీద ఉన్నవాణ్ణి ఎన్నడూ వెనక నుంచి పిలిచేవాడు కాదు, ఉలిక్కిపడి చెయ్యి మిషన్లో పెడతాడేమోనని. చుట్టూ తిరిగొచ్చి, ఎదురుగా నిలబడి, మనం తలెత్తేదాకా ఆగి అప్పుడు మాట్లాడేవాడు. "మిషన్‌కు చుట్టరికం తెల్వదు బేటా" అనేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం. ఒళ్ళు కొవ్విన రోజులవి, అంతకంటే ఏం చెప్పను!

ఆ ప్రెస్సుకు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న బరువైన అచ్చు దిగి కిందున్న రేకును మూతగా కోస్తుంది. అప్పుడు చేతులు అచ్చు కిందికి పోయే వీలుండదు. మేమేమో తెలివి మీరినవాళ్ళం. ఒక బటన్‌ను సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేసి, ఒక చేత్తో నొక్కుతూ రెండో చేత్తో రేకు పెట్టేవాళ్ళం. పని రెండింతలు అయ్యేది. నా పక్క మిషన్ యాదగిరిది. కొత్తగా వచ్చాడు, పని సాగడం లేదని బిక్కమొహం వేశాడు. వాడి బటన్‌కు ట్యూబు కట్టింది నేనే.

మూడో రోజు ఆ అచ్చు వాడి కుడిచేతి మీద దిగింది. నాలుగు వేళ్ళు పోయాయి, బొటనవేలొక్కటి మిగిలింది. నెత్తురు నా మొహం మీదికి చిమ్మింది.

వాణ్ణి ఆటోలో దవాఖానకు పంపామో లేదో లొల్లి మొదలైంది. తప్పంతా యజమానిదేనంటూ ఆ సేఠ్‌ను అద్దాల గదిలోంచి బయటికి ఈడ్చారు. అందరికంటే గట్టిగా అరిచింది నేను. ఇనుప రాడ్డు ఎత్తి ఆయన భుజం మీద ఒకటి వేశాను. రెండోది వేసేలోపు ఉస్తాద్ రాడ్డు గుంజుకుని నా చెంప పగలగొట్టాడు. పన్ను కదిలి నోరంతా నెత్తురైంది.

"సేఠ్‌ను తర్వాత కొడ్దువు గాని, యాదగిరి మిషన్‌కు ట్యూబు ఎవడు కట్టిండురా?"

"నేనే కట్టిన ఉస్తాద్."

అంతే, అందరూ నా మీద పడ్డారు. డొక్కలో తన్నారు, జుట్టు పట్టి నేలకేసి కొట్టారు. ఉస్తాద్ నా మీద అడ్డంగా పడి ఆ తన్నులు తాను తిన్నాడు.

"నేను గూడ చూసినరా! చూసి ఊకున్న. మీరు చూడలేదా? కట్టినోడు ఒక్కడేనా దొంగ? చూసి ఊకున్నోళ్ళం, మనం ఎవలం?"

తన్నేవాళ్ళు వెనక్కి జరిగారు. ఉస్తాద్ పెదవి తుడుచుకుంటూ లేచి, గోడకు ఆనుకుని నిలబడ్డ సేఠ్ దగ్గరికి పోయాడు.

"రేపటి సంది భయమనిపిస్తే ఎవడైనా మిషన్ ఆపుతడు సేఠ్. ఎందుకు ఆపినవని అడుగుడు లేదు. మంజూరా?"

"మంజూర్ భాయ్, మంజూర్."

మర్నాటి నుంచి ఎవడి మిషన్ వాడు మొదలుపెట్టడం బంద్. పక్కవాడు వచ్చి, బటన్లు చూసి, వాడే స్విచ్ వేయాలి. ప్రతి శనివారం అందరం చాప మీద కూర్చుని, ఎక్కడ ప్రమాదం ఉందో చెప్పుకునేవాళ్ళం. సేఠ్ కూడా కిందే కూర్చునేవాడు. ఉస్తాద్ అందరికంటే కొత్తవాడితో ముందు మాట్లాడించేవాడు.

మూడు నెలలకు యాదగిరి తిరిగొచ్చాడు. ఉస్తాద్ వాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టి, నన్ను చూపిస్తూ వాడితో "ఇగ నుంచి వీని మిషన్ నువ్వే చూడాలె బేటా" అన్నాడు. వాడు నా వైపు చూడకుండా నా మిషన్ బటన్లు రెండూ తడిమి, ఆ బొటనవేలితో స్విచ్ వేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. షెడ్డు మూతపడేదాకా, ఏళ్ళ తరబడి, రోజూ వాడే వేశాడు. మళ్ళీ ఎవరి వేలూ తెగలేదు. ఇవాళ నాకు పది వేళ్ళున్నాయంటే ఆ ఇద్దరి చలవే.

ఆ శుక్రవారం ఉస్తాద్‌ను పూడ్చే ఖబరస్తాన్‌కు షెడ్డువాళ్ళం అందరం పోయాం. తలా మూడు పిడికిళ్ళ మట్టి గోరీలో వేశాం. యాదగిరి వంతు వచ్చింది. కుడిచేత్తోనే వేస్తానని పట్టుబట్టాడు. వేళ్ళు లేని అరచేతిలో మట్టి నిలవక జారిపోతోంది. నేను నా రెండు చేతులూ వాడి చేతి కింద పెట్టాను.